చివరి బెంచీలో కోడలు

"తీస్కపో. ఆ చేతితోని పెట్టింది నాకొద్దు."

మధుసూదన్‌రావు పీట మీద కూర్చోకుండానే అన్నాడు. ఆ మాట అన్నది కోడలితో కాదు, భార్యతో. కోడలు సరళాదేవి అక్కడే ఉంది. అన్నం గిన్నె పట్టుకొని, కొంగు భుజం మీదుగా కప్పుకొని, ఆయనకు మూరెడు దూరంలోనే నిలబడి ఉంది.

జానకీబాయి కోడలి చేతిలోంచి గిన్నె అందుకుంది. "నేను పెడుత. కూసోండ్రి."

"వండింది ఎవలు?"

"అన్నం నేనే వండిన."

"పప్పు?"

జానకీబాయి అబద్ధం ఆడబోయింది. అప్పుడే స్నానం చేసి దేవుని దగ్గర దీపం పెట్టి వచ్చిన నోరు. ఆ నోటికి అబద్ధం రాలేదు.

"పప్పు సరళ చేసింది."

"అయితే పప్పొద్దు. తొక్కు ఎయ్యి."

శుక్రవారం మధ్యాహ్నం నుంచి ఇదే వరస. ఇది ఆదివారం. కాలేజీలో దూలాల బలం గురించి పాఠం చెప్పే పెద్ద లెక్చరర్, తన ఇంట్లో పప్పు ఎవరు వండారో విచారణ చేసి మరీ అన్నం తింటున్నాడు.

"పచ్చిపులుసు నేను చేసిన తమ్ముడా. అది పోసుకో," అంది రాధాబాయి. ఆమె మధుసూదన్‌రావు అక్క. సంగతి చెవిన పడగానే పొద్దున మొదటి బస్సుకే చెన్నూరు నుంచి దిగింది. "బాధపడకు. ఊళ్లె జనం మాట్లాడుకునేదానికి మనమేం జేస్తం? కోడలు కాలు మీద కాలేసుకోని కూసున్నదట, మామ చేతులు కట్టుకోని ముందట నిలవడ్డడట. బస్టాండ్ల అనుకుంటుండ్రు. నాకు తల తీసేసినట్టయింది."

సరళ జానకీబాయి వైపు తిరిగి మెల్లగా అంది. "అత్తమ్మా, మామయ్య చేతులు కట్టుకోలే. చేతిల చాక్‌పీసు ఉండె. నేను కాలు మీద కాలు ఏసుకోలే."

"ఓయమ్మ! కూసున్నది మాత్రం నిజమే కదా?" అంది రాధాబాయి.

సరళ కొంగు సర్దుకుంది. కూర్చున్నది నిజమే.

ఆ ఇంట్లో కోడలు మామ ఎదుట కూర్చోదు. మామతో ముఖాముఖి మాట్లాడదు. చెప్పవలసింది అత్తగారికి చెబితే, అత్తగారు మామగారికి చెబుతుంది. ఇంట్లో సరే. కానీ ఆ మామా కోడళ్లిద్దరూ కరీంనగర్ అవతల కొత్తగా పెట్టిన ఇంజనీరింగ్ కాలేజీలో ఒకే శాఖలో పాఠాలు చెబుతారు. అక్కడ అత్తగారు ఉండదు కాబట్టి అటెండరు ముత్తయ్య ఉన్నాడు. "ముత్తయ్యా, టెస్టింగ్ మిషన్‌కు నూనె కావాలని పెద్ద సారుకు చెప్పు," అని సరళ అనేది. పెద్ద సారు అక్కడే ఉండేవాడు. ముత్తయ్య నాలుగడుగులు నడిచి అదే మాట చెప్పేవాడు. ఇంత చదువు ఉన్నచోట ఇదేమిటని ఎవరూ అడగలేదు. పెద్దింటి మర్యాద అన్నారు.

ఆ మర్యాదకు ప్రిన్సిపాల్ లింగమూర్తి తెలియక అడ్డం వచ్చాడు. ఎండాకాలంలో మద్రాసు పోయి ఏదో శిక్షణ తీసుకొని వచ్చాడు. వచ్చి, ఒక లెక్చరర్ పాఠం చెబుతుంటే ఇంకొకరు వెనక కూర్చొని చూడాలన్నాడు. తప్పులు వెతకడానికి కాదు, పిల్లలు ఏం చేస్తున్నారో చూడటానికి. చూసింది ఆ పాఠం చెప్పినవారికి మాత్రమే చెప్పాలి, మూడో మనిషికి చెప్పకూడదు. ఎవరు ఎవరిని చూడాలో చీటీలు వేశారు. మామ పేరు కోడలి చేతికి వచ్చింది.

అప్పుడు స్టాఫ్‌రూంలో అందరూ నవ్వారు. అందరికన్నా ముందు నవ్వింది మధుసూదన్‌రావే. "ఎవలైతేంది? రానీయి. నా క్లాసుల చూడనీకి ఏముంది?" అన్నాడు.

ఇప్పుడు అన్నంలో తొక్కు కలుపుకుంటూ ఆయనే అన్నాడు. "జానకీ, దాన్నడుగు. నా క్లాసుల కూసున్నదా లేదా?"

జానకీబాయి కోడలి వైపు తిరిగింది. "కూసున్నవా బిడ్డా?"

"కూసున్న అత్తమ్మా."

"కూసున్నదట."

"వినవడ్డది! నాకు చెవులున్నయి."

"మరి నన్నెందుకు అడగమన్నరు?"

మధుసూదన్‌రావు భార్య వైపు చురుగ్గా చూశాడు. ఆమె మొహంలో వెటకారం లేదు. నిజంగానే అడిగింది.

"ఎందుకు కూసున్నదో అడుగు."

ఈసారి సరళ అత్తగారి కోసం ఆగలేదు. మాట మాత్రం ఆమెతోనే. "అత్తమ్మా, నేను పోయి వెనక నిలవడ్డ. నేను నిలవడితే చివరి బెంచీల పిల్లలు లేసి నిలవడ్డరు. మేడం నిలవడితే మేమెట్ల కూసుంటమన్నరు. వాండ్లు నిలవడితే వాండ్ల ముందటోళ్లు లేసిండ్రు. సగం క్లాసు లేసింది. మామయ్య బోర్డు దిక్కు తిరిగి గీస్తుండ్రు, చూడలే. నేను కూసుంటే గానీ వాండ్లు కూసోలే."

"లేస్తే లేవనీయి!" మధుసూదన్‌రావు ముద్ద కంచంలో పడేశాడు. "నిలవడితే కాళ్లు అరుగుతయా వాండ్లకు? నేను నిలవడ్తలేనా? పంతుళ్ల క్లాసు పంతుళ్లు చూసుడేంది అసలు? సినిమానా? ఇరవై ఏండ్ల సంది, గీ కాలేజీ పుట్టకముందు సంది చెప్తున్న. నా దగ్గర చదువుకున్నోళ్లు ప్రాజెక్టులు కట్టిండ్రు. గీ లింగమూర్తి మద్రాసుల ఇడ్లీ తినొచ్చి నాకు పాఠం చెప్పుడు నేర్పుతడు!"

"బాపూ, తినుండ్రి," అన్నాడు కరుణాకర్‌రావు.

అందరూ అటు చూశారు. సరళ భర్త ఆ గదిలో ఉన్నాడన్న సంగతి అప్పటిదాకా ఎవరికీ గుర్తు లేదు. బ్యాంకు కౌంటరు వెనక ఊరంతటినీ కసిరే మనిషి, ఇంట్లో తండ్రి ఎదుట పేపరు వెనక ఉంటాడు. ఆ రెండు మాటలు చెప్పి మళ్లీ పేపరు ఎత్తుకున్నాడు.

"ఏం చూసిందో అడుగు," అన్నాడు మధుసూదన్‌రావు. "ఒక్క లెక్క తప్పున్నదా?"

"లెక్క తప్పులేదు అత్తమ్మా."

"బొమ్మ తప్పున్నదా?"

"బొమ్మ గూడ తప్పులేదు. అంత సక్కటి బొమ్మ నేను గీయలేను."

ఆయన మొహం కొంచెం తేలికపడింది. "మరింకేంది?"

సరళ తల వంచుకుంది. చెప్పవలసింది ఉంది. కానీ అది పాఠం చెప్పినవారికే చెప్పాలని ప్రిన్సిపాల్ మాట. ఇక్కడ ఆయన అక్క ఉంది, కొడుకు ఉన్నాడు. అత్తగారి చేత చెప్పించినా మూడో మనిషికి చెప్పినట్టే. కాలేజీ ఆయనకు ఒక్కడికే చెప్పమంటుంది. ఇల్లు ఆయనకు తప్ప ఎవరికైనా చెప్పమంటుంది.

"నలుగుట్ల చెప్పేది కాదు అత్తమ్మా," అంది.

"చూసినవా! ఏం లేదు, ఉన్నట్టు చేస్తది," అంది రాధాబాయి. "ఆడివిల్లకు నౌకరీ ఎందుకని నేను ఆనాడే అన్న. నువ్వే తమ్ముడా, మా కోడలు వరంగల్‌ల చదివిందని ఊరంత చెప్పుకుంటివి. చదువుకోని ఏం నేర్చింది? కూసునుడు నేర్చింది."

మధుసూదన్‌రావు చెయ్యి కడుక్కున్నాడు. తువ్వాలతో ఒక్కొక్క వేలూ తుడుచుకున్నాడు.

"జానకీ, చెప్పు దానికి. రేపు పొయ్యి ల్యాబు తాళాలు ముత్తయ్య చేతిల పెట్టి ఇంటికి రమ్మను. ఇగ కాలేజీ లేదు."

జానకీబాయి కోడలికి ఆ మాట చెప్పలేదు. చెప్పవలసిన అవసరం లేకపోయింది.

కరుణాకర్‌రావు పేపరులో పుట తిప్పాడు.

*

దేవుని గదిలో జానకీబాయి ఒత్తులు చేసుకుంటోంది. సరళ గడపకు ఇవతల కూర్చుంది.

"ఏడ్చినవా?"

"లేదు అత్తమ్మా."

"ఏడ్వకు. నాకు చెప్పు. నేను మూడో మనిషిని కాదు. నీ మాట ఆయనకు మోసే మనిషిని."

సరళకు నవ్వు వచ్చింది. ఆ నవ్వుతోనే కళ్లు కూడా తడిశాయి.

"బొమ్మ సంగతి అత్తమ్మా. మామయ్య బోర్డు మీద మూడు బొమ్మలు గీస్తరు. మీద దూలం. దాని కింద ఒక బొమ్మ. అన్నిటికన్న కింద ఇంకోటి. గా కింది బొమ్మనే అసలుది. దూలం యాడ ఎక్కువ వంగుతది, యాడ విరుగుతది అనేది దాంట్లనే ఉంటది."

"ఊఁ."

"గది వెనక బెంచీలకు కనపడది. ముందటోళ్ల తలకాయలు అడ్డమొస్తయి. బోర్డు మరీ కిందికున్నది. నేను నిలవడ్డప్పుడు మూడు కనపడ్డయి. కూసున్నంక కింది బొమ్మ పోయింది. పక్కన పిల్లల్ని చూస్తె, మీది రెండు గీసుకొని కింద జాగ ఇడిసిపెట్టిండ్రు. మామయ్య, అర్థమైందా అని అడిగిండ్రు. అందరు అయింది సార్ అన్నరు. వాండ్లు గూడ అన్నరు."

జానకీబాయి చేతిలో దూది ఆగిపోయింది.

"నువ్వు మర్యాదగ నిలవడి చూస్తే?"

"నాకు తెలవకపోవు అత్తమ్మా."

"బోర్డు కిందికున్నదని ఆయనకు చెప్తవా?"

"చెప్పాలె కదా. మీదికి జరిపితె అయిపోతది. మామయ్య పరీక్ష పేపర్ల తప్పేది ఎప్పుడు చూసినా వెనక బెంచీలోళ్లే. అందరు మొద్దులని ఊకుంటుండ్రు."

"గది చెప్పకు బిడ్డా," అంది జానకీబాయి. "ఇంకేదన్న చెప్పు. గది చెప్పకు."

సరళ ఆశ్చర్యంగా చూసింది.

జానకీబాయి గొంతు తగ్గించింది. కాలేజీ కొత్త బిల్డింగుకు వచ్చినప్పుడు బోర్డు పైకే ఉండేది. మధుసూదన్‌రావు పొట్టి మనిషి. పై అంచు అందక స్టూలు వేసుకొని ఎక్కేవాడు. ఒకనాడు స్టూలు మీద నిలబడి గీస్తుంటే వెనక నుంచి ఎవడో నవ్వాడు. ఎవడో తెలియలేదు. ఆ వారమే మేస్త్రీని పిలిపించి బోర్డు కిందికి దింపించాడు, అప్పటి నుంచి స్టూలు లేకుండా చెయ్యి అందినంత మేరకే గీస్తాడు. వెలుతురు సరిగా పడటం లేదని చెప్పాడు. అసలు సంగతి భార్యకు ఒక్కదానికే తెలుసు. అది కూడా ఆయన చెప్పలేదు, జ్వరంలో పలవరించాడు.

"ఆయన అందరిని తక్కువ చూస్తడు. అది నేను కాదనను," అంది జానకీబాయి. "కానీ ఎవలన్న తనను తక్కువ చూస్తరేమోనని దినాం భయపడుతనే ఉంటడు. నువ్వు బోర్డు సంగతి ఎత్తితే గా నవ్వు మళ్ల వినవడుతది ఆయనకు."

"మరి పిల్లలు అత్తమ్మా?"

జానకీబాయి తల ఎత్తింది. ఎదురుగా పటంలో వేంకటేశ్వరస్వామి ఉన్నాడు. తన పెళ్లినాటి నుంచి ఆ పటం ముందు పీట వేసుకొని కూర్చునే ఉంది. ఈ రోజు ఆమె ఆ పటాన్ని కొత్తగా చూస్తున్నట్టు చూసింది. తర్వాత ఒత్తులు పక్కన పెట్టి లేచి హాల్లోకి నడిచింది.

మధుసూదన్‌రావు పడక కుర్చీలో ఉన్నాడు. పక్కన రాధాబాయి వక్కలు కత్తిరిస్తోంది.

"ఒక మాట అడుగుత, కోపం చెయ్యద్దు," అంది జానకీబాయి.

"కోడలి మాటనా?"

"నా మాట. దేవుని అర్రల వేంకటేశ్వరస్వామి నిలవడి ఉన్నడు. మనం ఆయన ముందట పీటేసుకోని కూసుంటం. ఇన్నేండ్లల్ల ఒక్కనాడన్న ఆయనకు కోపం వచ్చిందా?"

రాధాబాయి చేతిలో అడకత్తెర ఆగింది. "ఇదేం మాటనే! దేవునికి కోడలికి పోలిక పెడుతున్నవా?"

"కోడలికి పెట్టలే వదినే. మీ తమ్మునికి పెట్టిన."

తనను దేవునితో పోల్చిన మాటను తిట్టడం ఎలాగో మధుసూదన్‌రావుకు తోచలేదు.

"ఆమె ఏం చూసిందో నేను చెప్పను," అంది జానకీబాయి. "అది నా నోటితోని చెప్పేది కాదు. మీరే ఒక్కసారి ఆ చివరి బెంచీల కూసోని చూడుండ్రి. తాళాల సంగతి తర్వాత."

"నేనా? మొద్దులు కూసునే జాగల నేను కూసోవాల్నా?" మధుసూదన్‌రావు పెద్దగా నవ్వాడు. "మా ఇంట్ల అందరు ప్రిన్సిపాల్‌లే అయిండ్రు. పో, పోయి ఒత్తులు చేసుకో."

జానకీబాయి పోయి ఒత్తులు చేసుకుంది. ఆయన సాయంత్రం దాకా పడక కుర్చీలోంచి లేవలేదు.

*

సోమవారం పొద్దున సరళ ఒక్కతే కాలేజీకి వచ్చింది. ల్యాబు తాళాల గుత్తి చేతిలో ఉంది. బీరువాలో కొలబద్దలు సర్ది, మిషను మీద గుడ్డ కప్పి, తలుపు వేసింది. రెండేళ్లుగా ఆ తలుపు తీయడం, వేయడం ఆమె పని. ఉద్యోగం పోతే ఏం పోతుందో అంతవరకూ ఆమె ఆలోచించుకోలేదు. జీతం కాదు. ఇనుప కడ్డీ మిషన్లో పట్టుకొని తెగినప్పుడు వచ్చే చప్పుడుకు పిల్లలందరూ ఒక్కసారి వెనక్కి తగ్గి, వెంటనే దగ్గరికి వస్తారు. అది పోతుంది.

"ముత్తయ్యా, ఇగో తాళాలు."

ముత్తయ్య తీసుకోలేదు. "పెద్ద సారు పొద్దుగాల్నే వచ్చిండు మేడం. క్లాసుల ఒక్కడే ఉన్నడు. మీరొస్తే రమ్మన్నడు."

సరళ క్లాసు గుమ్మం దగ్గర ఆగింది.

మధుసూదన్‌రావు చివరి బెంచీలో కూర్చొని ఉన్నాడు. బెంచీ ఇరుకు. పొట్ట పట్టక కొంచెం పక్కకు తిరిగాడు. ఆమె వైపు చూడలేదు.

"ముత్తయ్యా, మొన్నటి బొమ్మలు గీయమను."

"గీయమంటుండు మేడం."

సరళ తాళాలు టేబుల్ మీద పెట్టింది. చాక్‌పీసు తీసుకుంది. మొదట దూలం గీసింది, దాని మీద బరువులకు బాణాలు వేసింది. దాని కింద రెండో బొమ్మ. కొంచెం వంగి అన్నిటికన్నా కింది బొమ్మ గీసింది. పక్కకు జరిగి నిలబడింది.

గది ఖాళీ. చివరి బెంచీ నుంచి బోర్డు దాకా అడ్డం ఏమీ లేదు.

"మూడు కనపడుతున్నయి," అన్నాడు మధుసూదన్‌రావు. ఆ గొంతులో గెలిచిన సంతోషం ఉంది. చివరి బెంచీలో కూర్చొని చూడమన్నారంటే, అక్కడికి ఏదో కనపడటం లేదనేనని ఆయన ఊహించాడు. "చెప్పు ముత్తయ్యా. పెద్దోళ్లను అవమానం చేసేటందుకు ఏదో ఒకటి పుట్టిస్తరని చెప్పు. కండ్లు మంచిగున్నోళ్లకు అన్నీ కనపడుతయని చెప్పు."

ముత్తయ్య చెప్పడానికి నోరు తెరిచాడు. అంతలో పిల్లలు వచ్చారు.

ముందు వచ్చినవాళ్లు గుమ్మంలోనే ఆగిపోయారు. సారు చివరి బెంచీలో, మేడం బోర్డు దగ్గర. ఎవరి చోట ఎవరున్నారో అర్థం కాక ఒకరినొకరు తోసుకున్నారు.

"రాండ్రి. కూసోండ్రి," అంది సరళ.

వాళ్లు కూర్చున్నారు. ముందు బెంచీ నిండింది. తర్వాతి బెంచీ నిండింది. ఒక్కొక్క వరుస నిండుతుంటే ఒక్కొక్క వరుస తలలు లేచాయి. చివరి బెంచీ పిల్లలు సారు పక్కన కూర్చోవడానికి భయపడి గోడకు ఆనుకున్నారు. మధుసూదన్‌రావు చేత్తో బెంచీ మీద తట్టాడు. హనుమండ్లు అనే పిల్లవాడు ముళ్ల మీద కూర్చున్నట్టు అంచున కూర్చున్నాడు. ఆ ఏడు ఆ పేపరులో తప్పినవాళ్లలో వాడొకడు. వాడి మొద్దుతనం గురించి మధుసూదన్‌రావు స్టాఫ్‌రూంలో చాలాసార్లు చెప్పి నవ్వించాడు.

మధుసూదన్‌రావు మళ్లీ బోర్డు వైపు చూశాడు. మెడ కుడికి వంచాడు. ఎడమకు వంచాడు.

"కింది బొమ్మ నీకు కనపడుతదారా?" అన్నాడు చాలా మెల్లగా.

"కనపడది సార్."

"ఇయ్యాల్నా?"

"ఎన్నడు కనపడలే సార్."

"మరి అర్థమైందా అంటే అయిందంటివి?"

హనుమండ్లు బిత్తరపోయి చూశాడు. "మీరు అడిగితే కాలేదంటమా సార్?"

అందులో ఎగతాళి లేదు. మర్యాదే ఉంది. ఆ ఇంట్లో కోడలికి నేర్పిన మర్యాదా, ఈ గదిలో పిల్లలకు నేర్పిన మర్యాదా ఒకటే. రెండూ నేర్పింది ఆయనే.

"ఇట్ల వంగితే జరంత కనపడుతది సార్," అన్నాడు హనుమండ్లు, సాయం చేద్దామని. మెడ సాచి, భుజం వంచి, ముందువాని చంక కిందుగా చూసి చూపించాడు.

మధుసూదన్‌రావు కూడా వంగాడు. బుగ్గ బెంచీకి తగిలేదాకా వంగాడు.

అప్పుడే గంట మోగింది. ముందు బెంచీల వాళ్లు వెనక్కి తిరిగి చూశారు. పెద్ద సారు మెడ వంకరగా పెట్టుకొని, పిల్లవాని చంక కిందుగా బోర్డు చూస్తున్నాడు.

ఎవరో నవ్వారు.

సరళ చేతిలో చాక్‌పీసు విరిగింది. ఆ నవ్వు ఎక్కడి నుంచి వచ్చిందో ఆనాటిలాగే ఈనాడూ తెలియలేదు. మధుసూదన్‌రావు మెల్లగా నిటారుగా కూర్చున్నాడు. ఆయన చూపు బోర్డు మీద లేదు. బోర్డుకు జానెడు పైన గోడకు రెండు పాత మేకు బొక్కలు ఉన్నాయి. బోర్డు మొదట ఉన్న చోటు అది, సున్నం వేసినా పూడలేదు. ఆయన వాటినే చూస్తున్నాడు.

"ముత్తయ్యా," అన్నాడు.

"సార్."

"స్టూలు తీస్కరా."

ముత్తయ్య ఒక్క క్షణం కదల్లేదు. తర్వాత పరుగెత్తి తెచ్చి బోర్డు కింద వేశాడు.

మధుసూదన్‌రావు చివరి బెంచీలోంచి లేచి, రెండు వరుసల నడుమ నుంచి నడిచి వచ్చాడు. పిల్లలు లేచి నిలబడ్డారు. కూర్చోమని ఆయన అనలేదు. టేబుల్ దగ్గర ఆగి తాళాల గుత్తి తీసి, ముత్తయ్యకు ఇవ్వకుండా తన జేబులో వేసుకున్నాడు. సరళ మొహం పాలిపోయింది. డస్టరు తీసుకొని ఆమె గీసిన మూడు బొమ్మలనూ చెరిపేశాడు.

"కూసోమను," అన్నాడు ముత్తయ్యతో, ఆమె వైపు చూడకుండా.

"ఎవలను సార్? పిల్లలనా?"

"ఆమెను. మొన్న కూసున్న కాడ."

సరళ నడిచి వెళ్లి చివరి బెంచీలో, ఆయన లేచిన చోట కూర్చుంది. ఆమె కూర్చున్నాక పిల్లలు కూర్చున్నారు.

మధుసూదన్‌రావు చాక్‌పీసు తీసుకొని, బోర్డు పైభాగం అందేటట్టు స్టూలు మీద ఒక కాలు పెట్టాడు. రెండో కాలు పెట్టడానికి గోడను పట్టుకున్నాడు. ఆయన పైకి లేస్తుంటే జేబులో ల్యాబు తాళాలు గలగలమన్నాయి. చివరి బెంచీ దాకా వినపడ్డాయి.